వైజాగ్ బీచ్‌లో వైర్‌లెస్ మైకు సతాయిస్తుంటే ఏం చూడాలి

ముందు ఒక్క మాట, హెడ్‌ఫోన్ పెట్టుకోకుండా వైర్‌లెస్ రికార్డ్ చెయ్యొద్దు, శబ్దం స్థాయి చూపించే మీటర్ కదులుతోంది కదా అని నమ్మితే ఇంటికొచ్చాక ఏడవాలి. ఏ తేడా వచ్చినా మైకు దగ్గర మొదలుపెట్టి కెమెరా దాకా వరసగా చూసుకుంటూ రండి, నేను చూసినంతలో సగం సార్లు తప్పు సిగ్నల్‌ది కాదు.

మాట ముక్కలు ముక్కలుగా తెగుతోంది

ఇది మాత్రం సిగ్నలే. పెద జాలారిపేటలో వల అల్లుతున్న ఒక తాతతో మాట్లాడిస్తున్నాం, ట్రాన్స్‌మిటర్ (మైకు మాటని గాల్లోకి పంపే డబ్బా) వెనక నడుం దగ్గర లుంగీకి తగిలించాను. ఆయన మా వైపు చూసి మాట్లాడినంతసేపూ కట్ అవుతోంది, సముద్రం వైపు తిరిగితే క్లియర్‌గా వస్తోంది! అప్పుడు వెలిగింది, మా రిసీవర్‌కీ (కెమెరా దగ్గర సిగ్నల్ అందుకునేది) ఆ డబ్బాకీ మధ్యలో తాత ఉన్నాడు. మనిషి ఒంట్లో ఎక్కువ నీళ్ళే, 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని ఒళ్ళు మింగేస్తుంది. "తాతా, కొంచెం ముందుకి పెడతాను" అని అడిగి బొడ్డు దగ్గరికి మార్చాం, అంతే, మళ్ళీ తెగలేదు.

రిసీవర్‌ని కూడా జేబులోనో బ్యాగులోనో కాకుండా కెమెరా మీద, వీలైతే ఇంకాస్త ఎత్తులో, మైకు మనిషికి కనిపించేలా పెట్టండి. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో జనం మధ్య 2.4 సెట్‌తో దూరం నుంచి తీయాలని చూడొద్దు, వైఫై, బ్లూటూత్, హాట్‌స్పాట్ అన్నీ అదే బ్యాండ్‌లో తిరుగుతుంటాయి, దగ్గరికెళ్ళండి లేదా తెల్లారి రండి. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియంలో షూట్ పర్మిషన్ దొరికితే ఇంకో సంగతి గుర్తుంచుకోండి, చుట్టూ ఉక్కే కాబట్టి మనిషి లోపల, రిసీవర్ బయట అంటే కుదరదు, ట్రాన్స్‌మిటర్‌లోనే రికార్డ్ అయ్యే సెట్ పట్టుకెళ్తే నిశ్చింత.

యూహెచ్ఎఫ్ సెట్లు (2.4 గిగాహెర్ట్జ్ కన్నా తక్కువ ఫ్రీక్వెన్సీలో పనిచేసేవి) మూడు వాడుతుంటే ఫ్రీక్వెన్సీలు సమాన దూరంలో పెట్టకండి. లెక్క కోసం 600, 601, 602 మెగాహెర్ట్జ్ అనుకోండి, 601ని రెండింతలు చేసి 600 తీసేస్తే 602, అంటే మొదటి రెండూ కలిసి మూడోదాని నెత్తిన కూర్చుంటాయి. మన ట్రాన్స్‌మిటర్లు ఆఫ్ చేసి రిసీవర్‌లో స్కాన్ కొట్టి, కంపెనీ ఇచ్చిన ఒకే గ్రూప్‌లోంచి ఛానెళ్ళు తీసుకోండి.

భుర్రుమని గాలి

రుషికొండలో, కైలాసగిరి మీద ఇదే గోల. చిన్న స్పాంజి సరిపోదు, బొచ్చు కవర్ వెయ్యాల్సిందే, మైకుని చొక్కా లోపలికి తీసుకుని మనిషి వీపుని గాలికి పెట్టి నిలబెట్టండి. లో కట్ (లోతైన శబ్దాల్ని తగ్గించే ఫిల్టర్) 80 హెర్ట్జ్ దగ్గర పెడితే అలల హోరు కొంత తగ్గుతుంది గానీ, గాలి మైకు తలనే కొట్టేస్తుంటే ఏ ఫిల్టరూ కాపాడదు.

గరగర

బట్ట రాసుకుంటోంది. మైకు కింద వైరుని చిన్న చుట్టు చుట్టి టేప్ వెయ్యండి, లాగుడంతా ఆ చుట్టే తీసుకుంటుంది. గంజి పెట్టిన కాటన్, పట్టు చీర ఐతే లోపల దాచే ప్రయత్నం మానేసి పైకే పెట్టడం నయం.

గొంతు పగిలిపోతోంది, కానీ కెమెరా మీటర్ తక్కువే చూపిస్తోంది

ట్రాన్స్‌మిటర్ దగ్గరే పగిలింది. కెమెరాలో తగ్గిస్తే పగిలిన గొంతే చిన్నగా వినిపిస్తుంది. ట్రాన్స్‌మిటర్‌లోనే గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచాలో చెప్పే సెట్టింగ్) తగ్గించి, గట్టిగా మాట్లాడించి చూసి, పీకులు (మాట బాగా గట్టిగా వచ్చినప్పటి స్థాయి) మైనస్ 12 డీబీ దగ్గర ఆగేలా పెట్టుకోండి. దీనికి రివర్స్‌లో, వెనక హిస్స్ అని వస్తుంటే కెమెరా ఆటో గెయిన్ ఆన్‌లో ఉండుంటుంది, ఆఫ్ చేసి కెమెరా లెవెల్ బాగా కిందికి దించి రిసీవర్ అవుట్‌పుట్ పెంచండి.

ఒక చెవిలోనే వస్తోంది, లేదా అసలు రావట్లేదు

జాక్ (వైరు చివరి పిన్ను) మీద గీతలు చూడండి. కెమెరాకి రెండు గీతలది, ఫోనుకి మూడు గీతలది. సరైనదే ఉన్నా రావట్లేదంటే జాక్‌ని వెలుతురులో తిప్పి చూడండి, మన ఉప్పు గాలికి పచ్చగా చిలుము పట్టుంటుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. షూట్ అయ్యాక సెట్‌ని తడిగా డబ్బాలో పెట్టి మూసేయొద్దు, పొడి గుడ్డతో తుడిచి సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి.

బ్యాటరీ మీటర్ అబద్ధం చెప్తోందంటే మెనూలో సెల్ రకం తప్పుంది, రీచార్జబుల్ నికెల్ సెల్స్ 1.2 వోల్టులు, ఆల్కలైన్ 1.5.