ఓడీ బాగానే ఉంది, ఎంజైమ్ మాత్రం కదలడం లేదు: ఎన్‌ఏడీహెచ్ సమస్యలు - పరిష్కారాలు

ఎల్‌డీహెచ్ (లాక్టేట్ డీహైడ్రోజినేజ్ ఎంజైమ్) వేగం కొలిచే అస్సేలో ఎన్‌ఏడీహెచ్ ఖర్చవుతుంది; అది ఎంజైమ్‌కి తోడుండే చిన్న అణువు, అంటే కోఎంజైమ్. అది ఖర్చయ్యేకొద్దీ ఓడీ, అంటే ద్రావణం కాంతిని ఎంత పీల్చుకుందో చెప్పే అంకె, తగ్గుతుంది. ఆ గ్రాఫ్ వాలాల్సినంత వాలకపోతే అందరూ ముందు ఎంజైమ్‌ను తిడతారు. తర్వాత ఎంజైమ్ మార్చే పదార్థం పైరువేట్‌ను అనుమానిస్తారు. అదీ కాదంటే స్పెక్ట్రోఫోటోమీటర్ లాంప్ మార్చమని ఇండెంట్ పెడతారు. ఎన్‌ఏడీహెచ్ సీసా గుర్తొచ్చేది అన్నిటికంటే చివర. తిరుపతిలో చాలా ఏళ్ళుగా ఈ అస్సే చేస్తున్నాను, పిల్లలతో చేయిస్తున్నాను. తప్పు ఎక్కువసార్లు ఆ సీసాలోనే దొరికింది. పిపెట్ పట్టడం, బ్లాంక్ పెట్టడం మీకు వచ్చనుకునే రాస్తున్నాను.

మొదటి ఓడీయే తక్కువగా వస్తోంది

1 సెంటీమీటర్ క్యూవెట్‌లో 0.2 మిల్లీమోలార్ ఎన్‌ఏడీహెచ్ 340 నానోమీటర్ల దగ్గర 1.24 చూపాలి. 1 మిల్లీమోలార్‌కి 6.22 కాబట్టి లెక్క 6.22 × 0.2, అంతే. ఏమీ రాకపోతే ముందు లేబుల్ చదవండి. నవ్వకండి. ఎన్‌ఏడీ (ఎన్‌ఏడీహెచ్ ఖర్చయ్యాక మిగిలే రూపం), ఎన్‌ఏడీహెచ్ సీసాలు ఒకే సైజులో, ఒకే రంగు మూతతో, ఫ్రీజర్‌లో ఒకే డబ్బాలో పడి ఉంటాయి. ఎన్‌ఏడీకి 260 దగ్గర ఓడీ ఉంటుంది కానీ 340 దగ్గర ఉండదు. ఏదో పోయిందని గంటలు గంటలు వెతికి, చివరికి తప్పు సీసా అని తేలిన సందర్భాలు నాకే ఉన్నాయి.

1.24కి బదులు 1.1 వస్తుంటే తూకం చూడండి. ఎన్‌ఏడీహెచ్ డైసోడియం లవణం అణుభారం 709.4. దాని బదులు ఎన్‌ఏడీ అణుభారం 663.4 వేసి లెక్కకట్టిన నోట్‌బుక్కులు చాలా చూశాను. పైగా పౌడర్‌లో కొంత నీరు ఉంటుంది, ఆ శాతం సర్టిఫికెట్‌లో రాసి ఉంటుంది. తూకాన్ని నమ్ముకోవద్దు. స్టాక్‌ను పలచన చేసి, 340 ఓడీ నుంచి అసలు గాఢత కట్టుకోండి. రెండు నిమిషాల పని, అయినా ఎవరూ చేయరు.

ఎంజైమ్ వేయకముందే ఓడీ జారిపోతోంది

స్టాక్ దేనిలో కలిపారు? డిస్టిల్డ్ వాటర్ అంటే జవాబు దొరికినట్టే. నిల్వ ఉన్న డిస్టిల్డ్ వాటర్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని కాస్త ఆమ్లంగా మారుతుంది. ఎన్‌ఏడీహెచ్ ఆమ్లంలో బతకదు, ఎన్‌ఏడీ క్షారంలో బతకదు. రెండింటినీ ఒకే ద్రావణంలో కలిపి పెట్టుకుందామనుకుంటే కుదరదు. ఎన్‌ఏడీహెచ్‌ను 10 మిల్లీమోలార్ ట్రిస్ బఫర్, పీహెచ్ 8.5లో కలపండి. ఐస్‌లో పెట్టి, ఫాయిల్ చుట్టి, ఆ రోజుకి సరిపడా మాత్రమే చేసుకోండి. ఫాస్ఫేట్ బఫర్‌లో స్టాక్ చేయకండి, అది విరిగిపోవడాన్ని వేగం చేస్తుంది. అస్సేలో కొద్ది నిమిషాలైతే పెద్ద నష్టం లేదు.

పుస్తకాల్లో చదివింది మనల్ని కొంచెం మోసం చేస్తుంది. 1906లో హార్డెన్, యంగ్ ఈస్ట్ రసాన్ని మరిగించినా పని పోని పదార్థం ఒకటి ఉందని చూపించారు. కోఎంజైమ్ కథ అక్కడే మొదలైంది. అది చదివి ఇదేదో గట్టి పిండం అనుకుంటాం. మరిగించినా నిలిచింది ఎన్‌ఏడీ. దాని తోబుట్టువుకి అంత ఓపిక లేదు.

ఓడీ సరిగ్గానే ఉంది, వేగమే లేదు

నన్ను దెబ్బ కొట్టింది ఇదే. ఒక నవంబర్‌లో వాన వారంరోజులు ఆగలేదు. ల్యాబ్‌లో ఏసీ పనిచేయడం లేదు, గోడలు చెమ్మ. ఎల్‌డీహెచ్ వేగం వారం వారం తగ్గుతూ వచ్చింది. ఎంజైమ్ కొత్త లాట్ తెప్పించాను. పైరువేట్ మార్చాను. నీళ్ళు మార్చాను. ‘సార్, ఎన్‌ఏడీహెచ్ ఓడీ 1.24 వస్తోంది కదా, అది బాగానే ఉంది’ అని జూనియర్ అంటే నేనూ తలూపాను. మూడు వారాలు పోయాయి.

తప్పు నాది. ప్రతి ఉదయం సీసాను మైనస్ 20 ఫ్రీజర్ నుంచి తీసి, వెంటనే మూత తిప్పి, స్పాచులా పెట్టేవాణ్ణి. చల్లటి నీళ్ళు పోసిన చెంబుకి బయట చెమట పట్టినట్టే చల్లటి పౌడర్ మీదా పడుతుంది, మనకు కనబడదంతే. చెమ్మ తగిలిన ఎన్‌ఏడీహెచ్‌లో ఎల్‌డీహెచ్‌ను అడ్డుకునే పదార్థాలు తయారవుతాయి. అవి కొంచెం ఉన్నా చాలు, ఎంజైమ్ నెమ్మదిస్తుంది. 340 ఓడీ మాత్రం దాదాపు మామూలుగానే కనిపిస్తుంది. సీసా అడుగు గమనించి ఉంటే తెలిసేది: పౌడర్ వానాకాలం ఉప్పు డబ్బాలో ఉప్పులా గడ్డకట్టి, లేత పసుపు నుంచి ముదురు పసుపుకి తిరిగి, స్పాచులాకి అతుక్కుంటోంది.

కాబట్టి ముందు 260, 340 రెండు దగ్గరా ఓడీ చూడండి. క్వార్ట్జ్ క్యూవెట్ కావాలి, ప్లాస్టిక్‌ది 260 దగ్గర పనికిరాదు. మంచి ఎన్‌ఏడీహెచ్‌లో 260/340 నిష్పత్తి 2.3 దగ్గర ఉంటుంది. 2.5 దాటితే నేను కొత్త సీసా తెరుస్తాను. అయితే నిష్పత్తి కొంచెమే పెరిగినా ఆ అడ్డుకునేవి ఉండొచ్చు, అందుకే అసలు పరీక్ష ఇది: ఒక క్యూవెట్‌లో కొత్త సీసా నుంచి 0.1 మిల్లీమోలార్, ఇంకో దానిలో అదే 0.1 కొత్తదానికి తోడు 0.1 పాతది. మిగతావన్నీ సమానం. రెండోది వేగంగానో సమానంగానో నడవాలి. నెమ్మదిగా నడిస్తే పాత సీసాలో అడ్డుకునేది ఉందన్నమాట. కొత్త సీసా లేకపోతే పక్క డిపార్ట్‌మెంట్‌లో 2 మిల్లీగ్రాములు అడిగి తెచ్చుకోండి, ఎవరూ కాదనరు.

చెడిన పౌడర్‌ను డెసికేటర్‌లో (చెమ్మ పీల్చే సిలికా జెల్ వేసిన మూత పాత్రలో) ఆరబెట్టినా తిరిగి మంచిదవదు. ముందే కాపాడుకోవాలి. సీసాను మూత విప్పకుండా డెసికేటర్‌లో పెట్టి, గది వేడికి వచ్చేదాకా ఆగండి. గంట పట్టొచ్చు. బయట చెమట తుడిచి, అప్పుడు తెరవండి. కొత్త సీసా మొదటిసారి తెరిచిన రోజే 5 మిల్లీగ్రాముల చొప్పున చిన్న వయల్స్‌లోకి పంచేసి పారాఫిల్మ్ చుట్టేస్తే, రోజూ పెద్ద సీసా తెరిచే పనే ఉండదు. డెసికేటర్‌లో సిలికా జెల్ నీలం నుంచి గులాబీకి తిరిగి ఎన్నాళ్ళయిందో కూడా చూడండి. అలా తిరిగితే ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టి వేసుకోవచ్చు.

కొనేటప్పుడు

5 గ్రాముల సీసా గ్రాముకి చవక అని తెప్పిస్తారు, సగం చెమ్మ తింటుంది. 100 మిల్లీగ్రాములవి, కుదిరితే ముందే తూచి పెట్టిన వయల్స్ తీసుకోండి. మూడు కొటేషన్లలో ఎల్-1కే, అంటే అందరికంటే తక్కువ ధర చెప్పినవాళ్ళకే, ఆర్డర్ పోతుంది కాబట్టి ఇండెంట్‌లోనే రాసుకోవాలి: డైసోడియం లవణం, హెచ్‌పీఎల్‌సీ (పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతి) స్వచ్ఛత, నీటి శాతం, ఆ లాట్ సర్టిఫికెట్, రీటెస్ట్ తేదీ. ఇవి రాయకపోతే ఏది చవకైతే అది వస్తుంది. ఆన్‌లైన్‌లో అమ్మే ఎన్‌ఏడీ క్యాప్సూళ్ళు ల్యాబ్ పనికి కావు, అడగకండి.

పార్శిల్ శనివారం మధ్యాహ్నం వచ్చి సోమవారం దాకా వాచ్‌మన్ బల్ల మీద ఉండిపోతే అందరూ టెన్షన్ పడతారు. సీలు తీయని పొడి పౌడర్‌కి ఒకటి రెండు రోజులు అంత ప్రమాదం కాదు. సీలు తీశాక మీ చేతిలో జరిగేదే దాని గతి తేలుస్తుంది. మే ఎండలో కారు డిక్కీలో పెట్టి మర్చిపోతే మాత్రం నేను హామీ ఇవ్వను.

మిగతావి

లాంప్ ముసలిదవడం, క్యూవెట్ గీతలు, స్టాక్‌లో బ్యాక్టీరియా: ఉంటాయి, అరుదు. పై మూడూ చూశాక ఇవి చూడండి.

చెడిన సీసా పారేయకండి. ‘స్పెక్ట్రమ్ డెమోకి మాత్రమే’ అని ఎర్ర మార్కర్‌తో రాసి పీజీ ప్రాక్టికల్స్‌కి ఉంచాను. 260, 340 శిఖరాలు పిల్లలకు చూపించడానికి అది ఇప్పటికీ పనికొస్తోంది.