పాట ఎలా తెగుతోందని కాదు, ఎప్పుడు తెగుతోందో చూడండి

నూజివీడు నుంచి ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు మా షాపుకి వస్తుంటారు. పాత చిన్న కారు, అందులో నేనే బిగించిన స్టీరియో. ఒకరోజు దిగీ దిగగానే, "బాబూ, నీ సెట్టు ఆదివారం మాత్రమే చెడిపోతోంది" అన్నారు. నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాను. "వారమంతా ఘంటసాల గారు హాయిగా పాడతారు. ఆదివారం వచ్చేసరికి పదానికో చోట ఆగిపోతారు" అన్నారాయన.

నేను సెట్టు విప్పలేదు. "ఆదివారం కారులో ఎవరెవరు ఉంటారు మాస్టారూ?" అని అడిగాను. ఏలూరులో కూతురింటికి వెళ్లి, మనవణ్ణి ఎక్కించుకుని తిప్పుతారట. వెనక సీట్లో వాడు, వాడి చేతిలో ట్యాబు. ట్యాబులో సిమ్ లేదు, కాబట్టి తాతగారి ఫోనులోంచి హాట్‌స్పాట్. అదే ఫోను ముందు స్టీరియోకి బ్లూటూత్‌లో పాటలు పంపుతోంది. దొంగ దొరికాడు.

విజయవాడ ఆటోనగర్‌లో పదిహేడేళ్లుగా కార్లకు స్టీరియోలు బిగిస్తున్నాను. "బ్లూటూత్ కట్ కట్ అవుతోంది" అని వచ్చేవాళ్లలో చాలామంది కొత్త సెట్టు కొనడానికి సిద్ధపడే వస్తారు. కొనక్కర్లేని వాళ్లే ఎక్కువ. వాళ్లందరినీ నేను అడిగేది ఒకటే. ఎలా తెగుతోందో చెప్పకండి, ఎప్పుడు తెగుతోందో చెప్పండి. ఇంట్లో కూర్చుని మీరూ చూసుకోగలిగేలా రాస్తున్నాను. పరీక్షలన్నీ బండి ఆపి చేయండి, రోడ్డు మీద సెట్టింగులు కెలకొద్దు.

ముందు నెట్ సంగతి తేల్చుకోండి

ఆన్‌లైన్‌లో వచ్చే పాట తెగితే అది బ్లూటూత్ తప్పే కానక్కర్లేదు. హైదరాబాద్ దారిలో రోజూ ఒకే ఊరి దగ్గర ఆగుతోందంటే అది టవర్ సంగతి, సెట్టుకి సంబంధం లేదు. అందుకని ఒక పాటని ఫోన్లోకి డౌన్‌లోడ్ చేసుకుని అది వేయండి. పది నిమిషాలు తెగకుండా వచ్చిందా, మీ జబ్బు నెట్‌ది. ప్రయాణానికి ముందు ఇంటి వైఫైలో పాటలు దించుకోవడమే మందు.

డౌన్‌లోడ్ చేసిన పాట కూడా తెగుతోందా? ఇప్పుడు ఫోన్లో ఏరోప్లేన్ మోడ్ పెట్టి, బ్లూటూత్ ఒక్కటే మళ్లీ ఆన్ చేయండి. అదే పాట వేయండి. ఇప్పుడు శుభ్రంగా వస్తే, ఫోన్లోనే ఇంకేదో రేడియో, అంటే తరంగాలు పంపే ఇంకో భాగం, బ్లూటూత్‌కి అడ్డం పడుతోందన్నమాట. హాట్‌స్పాటో, వైఫైయో అయి ఉంటుంది. ఇప్పుడూ తెగుతుంటే, వేరేవాళ్ల ఫోను కలిపి చూడండి. రెండో ఫోనూ తెగితే అనుమానం కారు మీదకి వెళ్తుంది. రెండోది బాగుంటే మీ ఫోను మీదకి. పావుగంటలో అయిపోయే ఈ మూడు మెట్లు దాటకుండా ఒక్క రూపాయి ఖర్చు పెట్టొద్దు.

ఒకేసారి రెండు మూడు మార్చేయకండి. ఫోను రీసెట్ చేసి, కేబుల్ మార్చి, సెట్టు అప్‌డేట్ చేసేసి "బాగైపోయింది" అంటారు. నెల తర్వాత మళ్లీ వస్తే ఏది పట్టుకోవాలో తెలీదు.

ఫోను ఎక్కడ పెడుతున్నారు

మన కార్లలో డ్రైవరు కుడివైపు, సెట్టు ఆయనకి ఎడమవైపు. ప్యాంటు కుడి జేబులో ఫోను పెట్టుకుంటే ఫోనుకీ సెట్టుకీ మధ్య మీ తొడ, పొట్ట అడ్డం. బ్లూటూత్ నడిచే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాన్ని నీళ్లు బాగా పీల్చేస్తాయి, మన ఒళ్లంతా నీళ్లే. వెనక జేబులో పెట్టుకుని దాని మీదే కూర్చుంటే ఇంకా దారుణం. చాలాసార్లు తెగుతుందీ, కాసేపు బాగుంటుందీ అంటే అది మీరు సీట్లో కదిలినప్పుడల్లా మారుతోందని అర్థం.

ఫోన్ని హోల్డర్లో పెట్టి చూడండి. గేర్ పక్కన కప్ హోల్డర్లో పెడితే పక్కనే స్టీలు వాటర్ బాటిల్ లేకుండా చూసుకోండి. లోహం కూడా తరంగానికి గోడే.

హోల్డర్లో ఇంకో చిక్కుంది. మే నెలలో మా ఊళ్లో అద్దం కింద ఎండలో ఫోను, పైన మ్యాప్స్, కింద వైర్‌లెస్ ఛార్జింగ్. చెయ్యి పెడితే కాలుతుంది. వేడెక్కిన ఫోను తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, పాట కూడా మధ్యమధ్యలో ఆగుతుంది. బయల్దేరిన అరగంట తర్వాతే మొదలయ్యే తెగుడు ఇలాంటిదే. ఏసీ వెంట్‌కి తగిలించే హోల్డర్ వాడండి, వైర్‌లెస్ ఛార్జింగ్ ఆపండి.

కారులో ఎన్ని రేడియోలున్నాయో లెక్కపెట్టండి

బ్లూటూత్ తెలివైనదే. పాటలు పంపే పాత పద్ధతి బ్లూటూత్‌కి 79 చానళ్లుంటాయి, సెకనుకి 1600 సార్లు ఒకదాన్నుంచి ఇంకోదానికి గెంతుతుంది. రద్దీగా ఉన్న చానళ్లని వదిలేసి ఖాళీవి వెతుక్కుంటుంది. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర చుట్టూ వంద ఫోన్లున్నా పాట నడిచేది అందుకే. అక్కడ ఒక్క క్షణం తెగితే పట్టించుకోకండి.

కానీ వైఫై కూడా అదే 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉండి, అదీ మీ ఫోను లోపలే ఉంటే కథ వేరు. ఇద్దరూ ఇరుగుపొరుగులా ఉండరు, ఒకే బాత్రూమ్ ఉన్న ఇంట్లో అద్దెకున్నట్టు వంతులేసుకుంటారు. మనవడి వీడియో బరువుగా ఉంటే వైఫై వంతు పెరుగుతుంది, ఘంటసాల గారి వంతు తగ్గుతుంది. మాస్టారి ఫోన్లో హాట్‌స్పాట్ సెట్టింగుల్లోకి వెళ్లి బ్యాండ్ 5 గిగాహెర్ట్జ్‌కి మార్చాను. ట్యాబుకి అది దొరకలేదు, పాతది. అప్పుడు తేలిక దారి చెప్పాను. "హాట్‌స్పాట్ అమ్మగారి ఫోన్లోంచి ఇవ్వండి." అంతే. ఆ ఆదివారం ఫోను చేసి మరీ పాట వినిపించారు.

డాష్‌క్యామ్ ఉన్నవాళ్లు దాని వైఫై ఆపేసి చూడండి. వీడియో ఫోన్లోకి దించుకునేటప్పుడు తప్ప దానితో పనిలేదు. ఫోన్లో లొకేషన్ సెట్టింగుల్లో వైఫై స్కానింగ్, బ్లూటూత్ స్కానింగ్ అని రెండుంటాయి. వైఫై ఆపేసినా అవి వెనక వెతుకుతూనే ఉంటాయి. వాటినీ ఆపి చూడండి.

ఇంకొకటి, రెండు ఫోన్లు ఒకేసారి సెట్టుకి కలిసి ఉండడం. భర్త ఫోన్లో పాట, భార్య ఫోనుకి వాట్సాప్ మెసేజ్. టింగుమనే శబ్దం వినిపించడానికి సెట్టు రెండు సెకన్లు పాటని ఆపుతుంది. అపార్ట్‌మెంట్ గ్రూపులో గుడ్ మార్నింగులు మొదలయ్యే వేళకి ఇక పాట ముందుకి కదలదు. రెండో ఫోన్లో ఈ సెట్టు పేరు పక్కనున్న గుర్తు నొక్కి మీడియా ఆడియో తీసేయండి, కాల్స్ మాత్రం ఉంచుకోండి.

పాత జతలు తుడిచేయడం

కారు ఎక్కిన మొదటి రెండు మూడు నిమిషాలే తెగితే కంగారు పడకండి. సెట్టు మీ కాంటాక్టులు, కాల్ లిస్టు లాక్కుంటోంది. వేల నంబర్లున్న రియల్ ఎస్టేట్ బాబులకి ఇది ఎక్కువ. సింక్ ఆపేస్తే సరి.

ఎప్పుడూ తెగుతుంటే మాత్రం, ఫోన్లో సెట్టు పేరుని ఫర్గెట్ చేయండి, సెట్టులో కూడా మీ ఫోను పేరు తీసేయండి. రెండు వైపులా తీయాలి, ఒకవైపే తీసి లాభం లేదు. ఎప్పుడో అమ్మేసిన ఫోన్లు, మెకానిక్ కుర్రాడి ఫోను, బావమరిది ఫోను అన్నీ తుడిచేయండి. ఫోను రీస్టార్ట్ చేయండి. బండి ఆపి, తాళం తీసి, తలుపు తెరిచి దిగండి. కొన్ని సెట్లు తలుపు తెరిచేదాకా నిద్రపోవు. అయిదు నిమిషాలాగి మళ్లీ కలపండి.

ఆండ్రాయిడ్ ఫోనుల్లో ఇంకో చిట్కా. సెట్టింగుల్లో అబౌట్ ఫోన్ దగ్గరుండే బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో బ్లూటూత్ ఆడియో కోడెక్ ఉంటుంది, అంటే పాటని కుదించి పంపే పద్ధతి. ఎల్‌డాక్ ఉంటే అది సెకనుకి 990 కిలోబిట్లదాకా పంపుతుంది, ఎస్‌బీసీ 328 దగ్గర ఆగుతుంది. రద్దీలో లారీ కన్నా స్కూటర్ నయం. ఎస్‌బీసీకి మార్చి వినండి. కారు చప్పుడులో తేడా నా చెవికే తెలీదు, పాట అమ్ముకునే నాకే తెలీనప్పుడు మీకెందుకు.

కాల్స్‌లో మాత్రమే తెగితే

పాటల దారి వేరు, మాటల దారి వేరు. పాట బాగుండి కాల్ మాత్రమే పాడైతే పై గొడవంతా వదిలేయండి. మీకు బాగా వినిపిస్తూ అవతలివాళ్లు "ఏంటి, బావిలోంచి మాట్లాడుతున్నావా?" అంటే అది మైకు. ఏసీ గాలి నేరుగా దాని మీద కొడుతోందా, డాష్‌బోర్డ్ మీద పరిచిన బొచ్చు మ్యాట్ దాన్ని కప్పేసిందా చూడండి. బండి ఆపి, ఫ్యాన్ ఆపి ఒకసారి, నాలుగులో పెట్టి ఒకసారి ఇంటికి కాల్ చేయండి. మామూలు కాలే చేయండి, వాట్సాప్ కాల్ అయితే మళ్లీ నెట్ గొడవ మధ్యలో దూరుతుంది.

ఫోన్లోని మ్యాపు, పాటలు కారు స్క్రీన్ మీదకి తెచ్చే వైర్‌లెస్ ఆండ్రాయిడ్ ఆటో వాడేవాళ్లకి పాట వచ్చేది బ్లూటూత్‌లో కాదు. బ్లూటూత్ పరిచయం చేసి తప్పుకుంటుంది, పాట, మ్యాప్ వైఫైలో నడుస్తాయి. కాల్స్ మాత్రం బ్లూటూత్‌లోనే. కాబట్టి ఫోన్లో హాట్‌స్పాట్, వీపీఎన్ ఆపి చూడండి. మంచి డేటా కేబుల్‌తో కలిపినప్పుడు తెగకపోతే జబ్బు వైర్‌లెస్‌లోనే ఉంది.

ఫోన్లో పాటని కారు ఎఫ్ఎమ్ రేడియోకి పంపే ఎఫ్ఎమ్ ట్రాన్స్‌మిటర్ డోంగిల్ వాళ్లకి ఒకటే మాట: బుస్సుమనే శబ్దం బ్లూటూత్‌ది కాదు, ఎఫ్ఎమ్‌ది. 93.5, 98.3 లాంటి స్టేషన్ల పక్కన పెట్టుకోకండి, ఊరు మారితే నంబరూ మార్చండి.

నేను తప్పు చేసిన బండి

ఒక ట్యాక్సీ తమ్ముడు వచ్చి, "అన్నా, హారన్ కొడితే పాట ఆగుతోంది" అన్నాడు. నేను వినిపించుకోలేదు. ఫోను మార్చు, జత తీసేసి మళ్లీ కలుపు అని మూడుసార్లు తిప్పి పంపాను. నాలుగోసారి నేనే పక్కన కూర్చుని హారన్ కొట్టాను. పాట ఆగడమే కాదు, స్క్రీన్ కూడా ఒక్క క్షణం మసకబారింది. అప్పుడు బుద్ధొచ్చింది. బ్లూటూత్ తెగితే స్క్రీన్ వెలుగుతూనే ఉంటుంది. స్క్రీన్ కూడా కదిలిందంటే అది కరెంటు.

ఇంజిన్ ఆన్‌లో ఉంచి, మీటరు ఒక ముల్లు సెట్టు నల్ల వైరుకి, అంటే ఎర్త్ వైరుకి, ఇంకోటి బ్యాటరీ మైనస్‌కి పెట్టాను. సున్నాకి దగ్గర్లో ఉండాల్సింది, హారన్ కొట్టగానే ఒక వోల్టు దాటింది. ఎర్త్ స్క్రూ పెయింటు మీద బిగించి ఉంది. ఎవరు బిగించారో అడగకండి, నేనే. పెయింటు గీకి, తెల్లటి ఇనుము కనిపించేదాకా రుద్ది, రింగు వేసి బిగించాను. అయిదు నిమిషాల పని.

టచ్ స్క్రీన్ ఆండ్రాయిడ్ సెట్లలో ఇంకో రకం తప్పు. చాలావాటికి వెనక చిన్న తోకలాంటి యాంటెన్నా ఉంటుంది, వైఫైకీ బ్లూటూత్‌కీ అదే. బిగించేవాళ్లు తొందరలో దాన్ని కలపకుండా వదిలేస్తారు, లేదా సెట్టు ఇనుప పెట్టెకీ బ్రాకెట్‌కీ మధ్య నొక్కేస్తారు. ఫోన్ని స్క్రీన్‌కి ఆనిస్తే బాగుండి, సీటు దగ్గరికి తెస్తే తెగుతుంటే సెట్టు విప్పించండి. ఆ తోకని ప్లాస్టిక్ వైపు బయటికి లాగితే చాలు.

ఇది రాస్తుండగా హెడ్మాస్టరు గారు మళ్లీ వచ్చారు. మళ్లీ తెగుతోందట, మనవడు లేకపోయినా. ఈసారి లాంగ్ నోట్‌బుక్కులోంచి చించిన కాగితం తెచ్చారు. తేదీ, ఊరు, టైము, ఫోను ఎక్కడ పెట్టారో గళ్లు గీసి రాసుకున్నారు. పదకొండు వరుసలు. పొద్దున విజయవాడ వచ్చేటప్పుడు ఒక్కటీ లేదు, అన్నీ సాయంత్రం తిరిగి వెళ్లేటప్పుడే.

"సాయంత్రానికి ఫోన్లో ఛార్జింగ్ ఎంతుంటుంది మాస్టారూ?"

"పదిహేను, ఇరవై. ఎందుకూ?"

ఛార్జింగ్ ఇరవైకి దిగగానే ఆయన ఫోన్లో బ్యాటరీ సేవర్ దానంతటదే ఆన్ అవుతోంది. స్క్రీన్ ఆరగానే వెనక నడిచే పాటల యాప్ గొంతు నొక్కుతోంది. యాప్ సెట్టింగుల్లో బ్యాటరీ దగ్గర ఆంక్షలు తీసేశాను. కారు ఛార్జర్‌కి ఒక కేబుల్ ఇచ్చి దాని డబ్బులు తీసుకున్నాను. కాగితం మాత్రం తిరిగి ఇవ్వలేదు. కౌంటర్ మీద అద్దం కింద పెట్టాను, "కట్ కట్ అవుతోంది" అని వచ్చేవాళ్లకి చూపించడానికి.