నెల మూడో వారంలో ఇంటి నెట్ పడకేస్తే: సమస్య ఎక్కడ, పరిష్కారం ఏమిటి

నెల మొదట్లో ఇంటి నెట్ పరుగులు పెడుతుంది. మూడో వారం వచ్చేసరికి టీవీలో సినిమా మధ్యలో ఆగి గుండ్రంగా తిరుగుతూ కూర్చుంటుంది. బెంగళూరు ఆఫీసుతో వీడియో కాల్‌లో ఉన్న అబ్బాయి గొంతు తెగితెగి వినిపిస్తుంది. డీఎస్సీకి ఆన్‌లైన్ క్లాసులు వింటున్న అమ్మాయికి మాస్టారు బోర్డు మీద రాసింది మసకమసకగా కనబడుతుంది. కేబుల్ ఆఫీసుకి ఫోన్ చేస్తే "రూటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యండి" అంటారు. అది చేసినా మారలేదని మర్నాడు మళ్ళీ చేస్తే "పెద్ద ప్లాన్‌కి మారిపోండి సార్" అంటారు.

ఆమదాలవలస నుంచి నరసన్నపేట దాకా, శ్రీకాకుళం చుట్టుపక్కల తెలిసినవాళ్ళ ఇళ్ళకి ఈ గొడవ చూడ్డానికి నేను తరచూ వెళ్తుంటాను. వాటిలో పెద్ద ప్లాన్ నిజంగా అవసరమైన ఇళ్ళు తక్కువే. నెట్ నెమ్మదించడానికి కారణాలు నాలుగైదు ఉంటాయి. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి, మందు మాత్రం దేనికదే వేరు. కాబట్టి డబ్బు కట్టే ముందు కారణం తేల్చుకోవాలి.

ముందుగా తేల్చాల్సింది: నెలవారీ హద్దు దాటిందా?

ప్లాన్ పేరులో అన్‌లిమిటెడ్ అని ఉన్నా, షరతుల్లో ఎఫ్‌యూపీ అని ఒకటి ఉంటుంది. నెలకి ఇన్ని జీబీల వరకు చెప్పిన వేగం ఇస్తారు, అది దాటాక తగ్గిస్తారు. పెద్ద కంపెనీల ఫైబర్ ప్లాన్లలో ఎక్కువగా కనిపించే అంకె 3300 జీబీ. లోకల్ ఆపరేటర్ల చౌక ప్లాన్లలో అది బాగా తక్కువ ఉండొచ్చు. మీ ప్లాన్‌లో ఎంతో కంపెనీ యాప్‌లోనో, కస్టమర్ పోర్టల్‌లోనో ఉంటుంది. లాగిన్ వివరాలు మీ దగ్గర లేకపోతే ఆపరేటర్‌ని అడిగి తీసుకోండి. కనెక్షన్ మీ పేరు మీద ఉన్నప్పుడు ఆ యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ మీ దగ్గర ఉండాల్సిందే. చాలా ఇళ్ళలో అవి లైన్‌మేన్ ఫోన్‌లో తప్ప ఇంకెక్కడా ఉండవు. ఎంత వాడామో చూసుకునే దారి లేకపోతే ఎవరేం చెప్పినా నమ్మాల్సి వస్తుంది.

పోర్టల్ చూసే వీలు లేకపోతే ఈ పరీక్ష చెయ్యండి. ల్యాప్‌టాప్‌ని లాన్ వైరుతో నేరుగా రూటర్‌కి కలపండి. ఇంట్లో మిగతా ఫోన్లు, టీవీ వైఫై ఆపేయండి. పొద్దున 6 గంటలకొకసారి, రాత్రి 9 గంటలకొకసారి స్పీడ్ టెస్ట్ పెట్టి అంకెలు రాసుకోండి. రెండు పూటలా వేగం ఒకే చిన్న అంకె దగ్గర, 2 ఎంబీపీఎస్ దగ్గరో 4 దగ్గరో, మేకు కొట్టినట్టు నిలబడితే హద్దు దాటినట్టే అనుకోవచ్చు. పొద్దున బాగుండి రాత్రి పడిపోతే హద్దుకి దానితో సంబంధం లేదు. వైరు మీద బాగుండి వైఫై మీద పడిపోతే గొడవ మీ ఇంట్లోనే ఉంది.

ఇంకో గుర్తు బిల్లింగ్ తేదీ. హద్దు క్యాలెండర్ ప్రకారం 1వ తారీకున కాకుండా, సాధారణంగా మీ రీచార్జ్ తేదీకి కొత్తగా మొదలవుతుంది. ఆ మర్నాడే నెట్ మామూలైపోతే ఇక అనుమానం అక్కర్లేదు.

"మేం అంత వాడలేదండి" అనే ఇంట్లో

అన్నిటికంటే తికమక పెట్టేది ఇదే. పోర్టల్‌లో హద్దు పూర్తయిందని ఉంటుంది, ఇంట్లోవాళ్ళేమో ఒట్టేసి చెబుతారు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు.

ముందు చిన్న లెక్క. టీవీలో సినిమా హెచ్‌డీలో గంటకి సుమారు 3 జీబీ తీసుకుంటుంది, 4కేలో సుమారు 7 జీబీ. రోజూ నాలుగు గంటలు హెచ్‌డీలో చూసినా నెలకి 360 జీబీ. అంటే 3300 జీబీ హద్దు ఉన్న ఇల్లు మామూలు వాడకంతో దాన్ని దాటడం కష్టం. దాటిందంటే తెలియకుండా ఏదో లాగుతోందని వెతకాలి. 500 జీబీ హద్దు ఉన్న ఇల్లు మాత్రం కొత్త టీవీ కొన్న నెలలోనే దాటేయగలదు. టీవీ యాప్‌లు లైన్ బాగుంటే తమంతట తామే 4కేకి పోతాయి. సెట్టింగ్స్‌లో క్వాలిటీని 1080పీకి కట్టేస్తే, మామూలు సైజు టీవీలో హాల్లో కూర్చున్నవాళ్ళకి తేడా పెద్దగా తెలియదు.

నరసన్నపేటలో ఒకింట్లో, కింద బట్టల షాపు, పైన కాపురం. ఇంటావిడ బాధ ఆవిడ మాటల్లోనే: "ఏటి బాబూ, రాత్రిపూట రెండు సీరియళ్ళు చూస్తాం, అంతే. అయిదొందల జీబీ ఎలాగ అయిపోనాది?" పోర్టల్ తెరిచి చూస్తే డౌన్‌లోడ్, అప్‌లోడ్ అని రెండు గడులు ఉన్నాయి. మామూలు ఇంట్లో డౌన్‌లోడ్ ముందు అప్‌లోడ్ ఏ మూలకీ రాదు. ఇక్కడ అప్‌లోడే ఎక్కువ. "పిన్నీ, కింద కెమెరాలు ఎప్పుడు పెట్టించారు?" అని అడిగాను. పండక్కి ముందటండీ అంది. రెండు కెమెరాలు, పగలూ రాత్రీ ఆగకుండా వీడియోని క్లౌడ్‌కి పంపుతున్నాయి.

కెమెరా 1 ఎంబీపీఎస్ చొప్పున ఆగకుండా పంపితే రోజుకి 10.8 జీబీ, 30 రోజులకి 324 జీబీ. రెండు కెమెరాలకి 648. ఆ ఇంటి హద్దు 500. సీరియళ్ళు అసలు చూడకపోయినా నెట్ నెలాఖరుకి నిలబడదు. పరిష్కారానికి రూపాయి పెద్దగా ఖర్చు లేదు: కెమెరాల్లో మెమరీ కార్డు వేసి రికార్డింగ్ అందులోకి మళ్ళించడం, కదలిక ఉన్నప్పుడే క్లౌడ్‌కి పంపేలా మార్చడం. ఆపరేటర్ మాత్రం అంతకు ముందే వాళ్ళకి పెద్ద ప్లాన్ రసీదు రాయడానికి సిద్ధంగా ఉన్నాడు. ఇలాంటి చోటే నాకు కోపం వస్తుంది. అప్‌లోడ్ గడి ఆయనకీ కనిపిస్తుంది, ఒక్క మాట చెబితే పోయేదానికి నెలనెలా డబ్బు.

కెమెరాలు లేని ఇంట్లో వెతకాల్సినవి ఇంకొన్ని. ఫోన్ ఫొటోల బ్యాకప్ కొత్తగా ఆన్ చేస్తే పాత వీడియోలన్నీ ఒకేసారి పైకెళ్తాయి. ఇది ఒక నెలకే పరిమితం, కంగారు పడక్కర్లేదు. కుర్రాళ్ళ పెద్ద గేములు ఒక్కోటి 100 జీబీ దాటుతాయి, తీసేసి మళ్ళీ వేస్తే మళ్ళీ అంతా కావాలి. విండోస్ కంప్యూటర్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ అనే సెట్టింగ్ ఉంది. అందులో ఇంటర్నెట్‌లోని ఇతర కంప్యూటర్లకి కూడా అప్‌డేట్లు పంపే ఆప్షన్ ఆన్‌లో ఉంటే ఆపేయండి.

ఇక పక్కింటివాళ్ళు. రూటర్ వెనక స్టిక్కర్ మీదున్న పాస్‌వర్డే ఇంకా వాడుతున్నారా? పిల్లలు ఫోన్‌లో క్యూఆర్ కోడ్ చూపించి స్నేహితులకి ఇచ్చేశారా? బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొడితే, చాలా రూటర్లలో, కనెక్ట్ అయి ఉన్న పరికరాల జాబితా వస్తుంది. ఇంట్లో ఉన్న ఫోన్లు, టీవీలు లెక్కపెట్టుకుని సరిచూడండి. ఎక్కువ తేలితే పాస్‌వర్డ్ మార్చండి, పాస్‌వర్డ్ కొట్టకుండానే పరికరాల్ని కలిపే డబ్ల్యూపీఎస్ సెట్టింగ్ ఆపండి. అడగలేక మొహమాటపడే ఇళ్ళలో పాస్‌వర్డ్ మార్చేసి ఊరుకోవడమే సులువైన దారి.

సాయంత్రాలే నెమ్మదిస్తే

పొద్దున 40 ఎంబీపీఎస్, రాత్రి 8 నుంచి 11 దాకా 3 లేదా 4. ఇది లైన్ మీద రద్దీ. ఇంటింటికీ విడి ఫైబర్ ఆఫీసు దాకా పోదు. జీపాన్ అనే ఫైబర్ పద్ధతిలో ఆపరేటర్ దగ్గరున్న ఒక పోర్టు నుంచి వచ్చే సుమారు 2.5 గిగాబిట్ల వేగాన్ని స్ప్లిట్టర్లు 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో పంచుతాయి. ఎక్కువసార్లు అసలు ఇరుకు అక్కడ కాదు, ఆపరేటర్ పైనుంచి కొనే బ్యాండ్‌విడ్త్ దగ్గర. కనెక్షన్లు పెరిగినా ఆయన కొనేది పెంచకపోతే అందరూ టీవీ ముందు కూర్చునే వేళకి అందరికీ తగ్గుతుంది.

దీనికి పెద్ద ప్లాన్ కొంటే డబ్బు దండగ. 40 పోయి 100 వచ్చినా రాత్రి 9కి అదే ఇరుకులో నిలబడాలి. వారం పాటు పొద్దున, రాత్రి అంకెలు స్క్రీన్‌షాట్లు తీసి ఆపరేటర్‌కి వాట్సాప్ చెయ్యండి. వీధిలో మరో ఇద్దరివి కూడా కలిపితే మాట మారుతుంది. అప్పటికీ కదలకపోతే వేరే ప్రొవైడర్‌కి మారడమే.

వైఫై, ఎర్ర లైటు

వైరు మీద బాగుండి వైఫై మీద పాడైతే రూటర్‌ని బీరువా వెనక నుంచో మెట్ల కింద నుంచో బయటికి తెచ్చి ఇంటి మధ్యలో, ఎత్తుగా పెట్టండి. దగ్గర్లో ఉన్న పరికరాల్ని 5 గిగాహెర్ట్జ్ వైఫై పేరుకి కలపండి. అంతకు మించి చెప్పడానికి లేదు.

ఫైబర్ వైరు వచ్చి చేరే పెట్టె మీద లాస్ (LOS) అని రాసిన లైటు ఎర్రగా వెలిగితే ఫైబర్‌లో వెలుతురు రావట్లేదని. అది వెలగకుండా నెట్ వస్తూ పోతూ ఉంటే, ఆ పెట్టె సెట్టింగ్స్ పేజీలో ఆప్టికల్ రిసీవ్ పవర్, అంటే లోపలికి చేరే వెలుతురు బలం, చూడండి. మైనస్ 27 డీబీఎం, అంతకంటే కిందికి పోతే సిగ్నల్ బలహీనం. మన జిల్లాలో ఏపీ ఫైబర్‌నెట్‌తో సహా చాలా కేబుళ్ళు కరెంటు స్తంభాల మీదుగా వస్తాయి. గాలికి కొమ్మ పడినా, అతుకులోకి నీరు చేరినా తేడా వస్తుంది. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు స్తంభాలతో పాటు కేబుళ్ళు ఎలా నేలపాలయ్యాయో ఉద్దానం వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇది లైన్‌మేన్ వచ్చి అతకాల్సిన పని. ఇంట్లో మీరు చూడాల్సింది ఒక్కటే: ఆ సన్నటి పసుపు వైరు తలుపు సందులో నలగకుండా, మేకు చుట్టూ మడత పడకుండా ఉండాలి.

హద్దు నిజంగానే దాటితే అడగాల్సినవి

హద్దు పెట్టడం చట్టవిరుద్ధం కాదు. చెప్పకుండా పెట్టడం తప్పు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 అక్టోబర్ 31న ఇచ్చిన ఆదేశం ప్రకారం హద్దు ఎంతో, దాటాక వేగం ఎంతో కంపెనీ ముందే చెప్పాలి. వాడకం 50, 90, 100 శాతానికి చేరినప్పుడు మెసేజ్‌గానో ఈమెయిల్‌గానో తెలపాలి. హద్దు దాటాక కూడా వేగం 512 కేబీపీఎస్ కంటే తగ్గకూడదని అప్పుడే అంది. 2023 జనవరిలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలని కేంద్రం నిర్వచనం మార్చింది. ఆ మెసేజ్‌లు మీకు రావట్లేదంటే, కనెక్షన్ ఇచ్చిన రోజు ఫారంలో మీ నంబర్ బదులు లైన్‌మేన్ నంబర్ వేసుంటారు. ముందు దాన్ని మార్పించండి.

అమెరికాలో ఉన్న మన పిల్లలకి ఈ గొడవ ఇంకో రూపంలో తెలుసు. కామ్‌కాస్ట్ అనే నెట్ కంపెనీ అక్కడ చాలా రాష్ట్రాల్లో నెలకి 1.2 టీబీ హద్దు పెట్టి, దాటిన ప్రతి 50 జీబీకి 10 డాలర్లు వేసింది. మన దగ్గర సాధారణంగా బిల్లు పెంచరు, వేగం కోస్తారు. అందుకే ఇక్కడ కారణం కనిపెట్టడం ఆలస్యమవుతుంది. బిల్లులో తేడా ఉంటే ఎవరైనా వెంటనే అడుగుతారు, వేగంలో తేడాని రూటర్ మీదకి తోసేస్తారు.

ఫిర్యాదు నోటిమాటగా వదలొద్దు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి డాకెట్ నంబర్, అంటే ఫిర్యాదు నంబర్, తీసుకోండి. అక్కడ తేలకపోతే 30 రోజుల్లోగా అదే కంపెనీలో అప్పీళ్ళు వినే అప్పిలేట్ అథారిటీకి రాయండి, అది 39 రోజుల్లో తేల్చాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆ పైన శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికాం గొడవలు కూడా అక్కడ వినొచ్చని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు. ట్రాయ్‌కి నేరుగా రాసి ఎదురుచూడకండి, ఒక్కొక్కరి ఫిర్యాదు అది విచారించదు.

కొత్త కనెక్షన్ తీసుకునేటప్పుడు, పాతది రెన్యువల్ చేసేటప్పుడు మూడు ప్రశ్నలు వాట్సాప్‌లో రాసి జవాబు రాతలోనే తెప్పించుకోండి: నెలకి హద్దు ఎన్ని జీబీ, అందులో అప్‌లోడ్ కూడా కలుస్తుందా, దాటాక వేగం ఎంత. చెప్పిన ధరకి 18 శాతం జీఎస్టీ కలిపారో లేదో కూడా అప్పుడే అడగండి. ఏడాది డబ్బు ఒకేసారి కడితే ఒక నెల ఉచితం అన్నా, రాత్రి 9 గంటల వేగం కనీసం ఒక నెల చూశాకే కట్టండి.