చెన్నైలో ఉండి పద్నాలుగో లూయీని చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

పారిస్ టికెట్లు బుక్ చేసుకున్నవాళ్లు, ఫ్రెంచ్ క్లాసుల్లో చేరినవాళ్లు మన చెన్నై తెలుగోళ్లలో బాగానే ఉన్నారు కదా, వీళ్లలో ఎక్కువమంది ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ 1638లో పుట్టాడు, 1643లో నాలుగేళ్లకే రాజయ్యాడు, 72 ఏళ్లు ఏలి 1715లో పోయాడు అని తారీఖులతో మొదలుపెడతారు, పది నిమిషాల్లో నిద్రొచ్చేస్తుంది. అలా వద్దు.

ముందు వజ్రం పట్టుకోండి. టావెర్నియే అనే వ్యాపారి ఇండియా నుంచి తీసుకెళ్లిన నీలం వజ్రాన్ని లూయీ కొని మళ్లీ సాన పట్టించాడు, అది గోల్కొండ రాజ్యంలో ఉన్న మన కొల్లూరు గనిదే అని ఎక్కువమంది అంటారు. 1792లో దొంగలు ఎత్తుకుపోయారు, ఇప్పుడు వాషింగ్టన్ మ్యూజియంలో ఉన్న హోప్ డైమండ్ దాన్నుంచి వచ్చిందే. పక్కన ఔరంగజేబుని కూడా పెట్టుకోండి, 1687లో ఆయన గోల్కొండ పట్టుకునేటప్పటికి లూయీ పారిస్ దగ్గరి వర్సాయ్ ప్యాలెస్‌కి మకాం మార్చి ఐదేళ్లు.

ఇక వర్సాయ్. 73 మీటర్ల హాలు, 357 అద్దాలు, సరే బావుంది, ఫోటోల దగ్గరే ఆగిపోకండి, ఎందుకు కట్టాడో చూడండి. చిన్నప్పుడు ఫ్రోండ్ అనే తిరుగుబాటులో రాత్రికి రాత్రి పారిస్ వదిలి పోవాల్సొచ్చింది ఈయనకి, ఆ భయం పోలేదనే నేననుకుంటా. 1661లో తన ప్రధానమంత్రి మజరాన్ పోయాక ఇక ప్రధానమంత్రే వద్దన్నాడు, 1682 నుంచి పెద్ద పెద్ద దొరల్ని తన కళ్లముందే తిప్పుకున్నాడు. తిరుమల సుప్రభాత సేవలాగా పొద్దున్నే రాజు నిద్రలేవడం కూడా ఒక సేవే, లోపలికి ఎవర్ని ముందు పంపాలో లెక్క, చొక్కా ఎవరందించాలో లెక్క, రాత్రి కొవ్వొత్తి పట్టుకునే ఛాన్స్ కోసం పోటీ. చొక్కా కోసం కొట్టుకునేవాడికి తిరుగుబాటు చేసే తీరికెక్కడిది!

ఇంట్లో పిల్లలు కూచిపూడో భరతనాట్యమో నేర్చుకుంటుంటే ఈ ముక్క వాళ్లకి చెప్పండి, లూయీ స్వయంగా డాన్సర్, 1653లో పద్నాలుగేళ్లకి గ్రీకుల సూర్యదేవుడు అపోలో వేషం కట్టి సూర్యుడిలా స్టేజ్ ఎక్కాడు, సూర్యరాజు అన్న పేరు జనంలో నిలిచిపోయింది. 1661లో డాన్స్ అకాడమీ పెట్టించాడు, బాలే స్టెప్పుల పేర్లు ఇప్పటికీ ఫ్రెంచే. లుల్లీ సంగీతం, మొలియేర్ నాటకాలు కూడా ఈయన అండతోనే పైకొచ్చాయి.

"రాజ్యమంటే నేనే" అన్నాడని ఎక్కడా రాయకండి, అన్నాడనడానికి ఆధారం లేదు.

చెడ్డది కూడా చదవాలి మరి. 1685లో ప్రొటెస్టంట్లకి ఉన్న హక్కులు పీకేశాడు, చేతిపని తెలిసిన కుటుంబాలు బోలెడు దేశం వదిలి పోయాయి, యుద్ధాల అప్పులు తర్వాతి రాజు నెత్తిన పడ్డాయి.

ఇదంతా అయ్యాక ఒక వీకెండ్ ఈసీఆర్ మీద పాండీ (పాండిచ్చేరి) వెళ్లండి. లూయీ దగ్గర కోల్బేర్ మంత్రిగా ఉండగా 1664లో పెట్టిన ఫ్రెంచ్ ఈస్టిండియా కంపెనీ తరఫున 1674లో ఫ్రాన్స్వా మార్టిన్ అక్కడ స్థావరం పెట్టాడు. యూరప్‌లో లూయీ డచ్చివాళ్లతో యుద్ధంలో ఉన్నందుకు 1693లో వాళ్లొచ్చి పాండీని లాక్కున్నారు, 1697లో సంధి కుదిరాకే తిరిగొచ్చింది.