బొమ్మ వేయడానికి చెయ్యి రాకపోతే: నా అనుభవం

కాగితం ముందు కూర్చుంటే చెయ్యి కదిలేది కాదు. బొమ్మలు నేర్పే వీడియోల్లో చూసిన మంచుకొండలే కళ్లలో మెదిలేవి. ఏ గీత గీసినా ఇంకెవరిదో అనిపించి టెన్షన్ వచ్చేది.

వీడియోలు ఆపేసి, పొద్దున్నే విశాఖలో భీమిలి బస్సెక్కి ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగడం మొదలుపెట్టాను. ఆ ఇసుక ఎరుపుకి కారణం ఐరన్ ఆక్సైడ్. బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్ర గోధుమ రంగులో ఉండేదీ అదే. అందుకని ఆ ఒక్క రంగుతోనే మొదలుపెట్టాను. వాన నీరు కోసిన చీలికల్లో నీడలకు నలుపు వాడకుండా, అదే రంగులో కాస్త అల్ట్రామెరైన్ నీలం కలిపాను. ఎంత లోతు వచ్చిందో! (అక్కడి మట్టి మాత్రం ఇంటికి తేకండి, అది జాతీయ భూవారసత్వ స్థలం.)

సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, వాటర్ కలర్ తొందరగా ఆరదు. ముందు ఆకాశం వేసి, అది ఆరేలోపు వేరే కాగితం మీద తాటిచెట్లు పెన్సిల్‌తో గీసుకునేవాడిని. నీళ్లు తక్కువ వాడాలి, కాగితం మందంగా, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు) ఉంటే మంచిది.

"ఇంత ఎరుపేటిరా?" అంది మా అత్త.

"మన నేల రంగే అది కదత్తా" అన్నాను గర్వంగా.

ఇప్పుడు పెదజాలరిపేట పడవలు వేస్తున్నాను. వాటి నీలం ఇంకా పట్టుబడలేదు.