మాస్ట్ దించాక వైర్లు చిక్కుపడకుండా

ట్రైలర్ మీద తీసుకెళ్లే చిన్న తెరచాప పడవతో అసలు విసుగు ఒడ్డునే. మాస్ట్ (తెరచాప కట్టే నిలువు స్తంభం) దించగానే దాన్ని నిలబెట్టే వైర్లన్నీ ఒకదాంట్లో ఒకటి మెలిపడతాయి. తర్వాత ఆ చిక్కు విప్పడానికే సగం ఓపిక అయిపోతుంది.

వెల్‌క్రో పట్టీలు కొని పెట్టుకోండి. వైర్లను పై కొస నుంచి కిందికి, జడ దువ్వినట్టు చేత్తో సరిచేస్తూ మాస్ట్‌కి ఆనించి, మీటరుకొక పట్టీ చుట్టండి. ప్యాకింగ్ టేపు మాత్రం వద్దు, ఎండకి జిగురు వైరుకి పట్టేసి ఒక పట్టాన వదలదు. ఎడమ వైర్ల చివర ఎర్ర టేపు, కుడివాటికి ఆకుపచ్చ (పడవ దీపాల రంగులే కదా, గుర్తుంటాయి). పడవ ముందువైపు వైరుని తిప్పి బిగించే మర, అంటే టర్న్‌బకిల్‌ని వదులు చేసేటప్పుడు ఎన్ని చుట్లు తిప్పారో రాసుకోండి. పక్కవాటిని తిప్పకుండా వదిలేస్తే మళ్లీ అదే బిగువు వస్తుంది.

ఒక్కటి చూసుకోవాలి: మాస్ట్ ఎత్తేటప్పుడు డెక్ దగ్గర టర్న్‌బకిల్ అడ్డంగా పడి ఇరుక్కుంటే, దాని మరల కడ్డీ వంగిపోతుంది. ఎక్కడైనా పట్టేసినట్టు అనిపిస్తే బలం వేయకుండా ఆగి చూడండి. వంగినదాన్ని సాగగొట్టి వాడకండి, మార్చేయాల్సిందే.