చెరువు కింద అరటి – నాలుగవ పాఠం: నిలిచిన నీటిని నడిపించడం

గడచిన మూడు పాఠాలలో పిలకను ఎంచుకోవడం, దుంపను శుద్ధి చేయడం, గుంత తీయడం నేర్చుకున్నాము. ఎర్ర ఇసుక నేలలో అరటి వేసేవారు ఇక్కడి నుండి నేరుగా ఎరువుల పాఠానికి వెళ్ళవచ్చు. ఈ పాఠం చెరువు కట్ట దిగువన, తరతరాలుగా వరి పండిన బంకమట్టి కయ్యలలో అరటి పెట్టదలచినవారి కోసం.

అరటికి నీళ్ళంటే ప్రాణమని మన వైపు అందరూ అంటారు. ఆ మాట నమ్మే చాలామంది వరికి కట్టినట్టు అరటికి కూడా నీరు కడతారు. అరటి వేర్లు దుంప నుండి తాళ్ళలాగా పక్కలకు పాకుతాయి తప్ప లోతుకు పెద్దగా దిగవు; నీటినీ ఎరువునూ పీల్చే సన్నని వేర్లలో ఎక్కువ భాగం పై 30 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటుంది. ఆ వేర్లకు శ్వాస కావాలి. మట్టి రేణువుల నడుమ గాలి ఉండవలసిన ఖాళీలను నీరు నింపివేస్తే వేరు కొనలు ముందు చనిపోతాయి, ఆ తరువాత మిగతా వేరు నల్లబడి కుళ్ళుతుంది. కదలని నీటిలో రెండు రోజులు ఉన్న తోట దెబ్బ తిన్నట్టే. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది గనుక, వాన వెలిసి ఎండ కాస్తే ఆ గడువు ఇంకా కుదించుకుపోతుంది.

2021 నవంబరులో స్వర్ణముఖి పొంగి, తిరుపతి దగ్గరి రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్ట తెగుతుందేమోనన్న భయంతో దిగువ ఊళ్ళను ఖాళీ చేయించిన రోజులలో, ఒకే గెనిమకు (పొలం గట్టుకు) అటూ ఇటూ ఉన్న రెండు తోటలను నేను గమనించాను. మొదటి తోటలో మోకాలి లోతు నీరు ఒక పక్క నుండి వచ్చి మరో పక్కకు పారిపోయింది. రెండవ దానిలో నిలిచినది చీలమండ లోతే, కానీ నాలుగు రోజులు కదలలేదు. మొదటి తోట ఆకులు చిరిగినా గెలలు వేసింది. రెండవది పసుపెక్కి వాలిపోయింది. వేర్లు చచ్చిన చెట్టు నీటిలో నిలబడి కూడా నీటిని పీల్చలేదు గనుక దాహం వేసినట్టు వాడుతుంది. చెట్టు వాడిపోవడం చూసి మళ్ళీ నీరు పెట్టేవారు ఉన్నారు. నా తొలి తోటలో నేనూ అదే పని చేశాను.

కాబట్టి నాటడానికి రెండు నెలల ముందే, నేల నీటిని ఎంత వేగంగా వదులుతుందో కొలవాలి. కయ్యలో అన్నిటికన్నా పల్లమైన చోట అర మీటరు పొడవు, వెడల్పు, లోతు గల గుంత తీసి, నిండా నీరు పోసి ఇంకనివ్వాలి. మరునాడు మళ్ళీ నింపి, గుర్తులు పెట్టిన కర్రను గుచ్చి, గంటకు ఎంత దిగుతున్నదో రాసుకోవాలి. గంటకు రెండు మూడు సెంటీమీటర్లు దిగితే మామూలు బోదెలు (మట్టి ఎగదోసిన గట్లు) చాలు. ఒక సెంటీమీటరు కూడా దిగకపోతే ఈ పాఠమంతా మీకు అవసరమే. గుంత గోడను కూడా పరిశీలించండి: బూడిద రంగు మట్టిలో తుప్పు మచ్చలు కనిపిస్తే, ఏటా కొన్ని వారాలు నీరు ఆ మట్టం దాకా వచ్చి నిలుస్తున్నదని అర్థం.

వరి కయ్యలో మరొక చిక్కు ఉంది. ఏళ్ళ తరబడి దమ్ము చేయడం వల్ల నాగలి దిగే లోతుకు కొంచెం కింద మట్టి అణిగి గట్టి పొరగా మారుతుంది. గడ్డపారతో పొడిస్తే అది చేతికి తెలుస్తుంది. ఆ పొరను పగలగొట్టకుండా గుంత తీసి పిలక పెడితే, గుంత తొట్టిలా తయారై తొలి వానకే నిండుతుంది. వేసవిలో నేల ఎండి ఉన్నప్పుడే లోతు దుక్కి చేయించండి. తడి మీద ట్రాక్టరు దించితే ఉన్న పొర మరింత గట్టిపడుతుంది.

ఇక కాలువలు. 1.8 మీటర్ల ఎడంతో నాటే తోటలో ఎకరాకు సుమారు 1,250 మొక్కలు పడతాయి. ప్రతి రెండు వరుసల నడుమా పైన 60, అడుగున 30 సెంటీమీటర్ల వెడల్పుతో, 45 సెంటీమీటర్ల లోతు కాలువ తీసి, ఆ మట్టిని పక్కనున్న 1.2 మీటర్ల బోదె మీద పరిస్తే, బోదె 15 సెంటీమీటర్ల పైచిలుకు లేస్తుంది. ఎత్తు ఇంతేనా అని నిరాశపడనవసరం లేదు, ఎందుకంటే లెక్క కాలువ అడుగు నుండి వేయాలి: మొక్క పాదు అక్కడి నుండి దాదాపు 60 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది, కాలువలో నీరు సగం నిండినా వేర్ల మట్టం పొడిగానే మిగులుతుంది. మొక్కల సంఖ్య కూడా తగ్గదు. కొత్త మట్టి అణుగుతుంది గనుక తొలి వానల తరువాత మరొకసారి ఎగదోయాలి.

కాలువకు వాలు లేకపోతే అది పొడవాటి గుంత మాత్రమే. ప్రతి 30 మీటర్లకు 15 సెంటీమీటర్ల వాలు ఉంటే చాలు; మేస్త్రీలు వాడే పారదర్శకమైన నీటి గొట్టంతో ఇద్దరు మనుషులు దానిని సరిచూడవచ్చు. కంటి అంచనా మీద ఆధారపడకండి, బంకనేలలో కన్ను తప్పకుండా మోసపోతుంది. కాలువలన్నీ కలిసే పెద్ద కాలువ చివరి మట్టం అన్నిటికన్నా దిగువన ఉండి, నీరు వంకలోకో మురుగు కాలువలోకో దిగాలి. ఆ దారి పక్కవారి కయ్య మీదుగా పోవలసి వస్తే తవ్వకముందే వారితో మాట్లాడండి. చెరువు మొరవ (నిండిన చెరువు నీరు పొర్లిపోయే చోటు) పారే రోజున గెనిమ మీద నిలబడి మాట్లాడే మాటలు ఎప్పుడూ మంచిగా ముగియవు.

మనకు పెద్ద వానలు ఈశాన్య ఋతుపవనాలతో అక్టోబరు నుండి డిసెంబరు వరకు పడతాయి. పల్లపు నేలలో సెప్టెంబరులో నాటడాన్ని నేను సమర్థించను. జూన్‌లో నాటితే ముసురు నాటికి మొక్క వేళ్ళూనుకుంటుంది. లేదంటే జనవరి దాకా ఆగడమే మేలు.

ఇన్ని చేసినా తోట మునిగితే, మొదటి పని గెనిమకు గండి కొట్టి నీటిని దింపడం. తరువాత చెట్టు పాదు వద్ద ఒక వేరు తవ్వి కోసి చూడండి. లోపల తెల్లగా ఉంటే చెట్టు బతుకుతుంది; పైతోలు ఊడివచ్చి నడుమ నార మాత్రమే మిగిలితే ఆ వేరు పోయినట్టే. నేల కాలు దిగబడకుండా ఆరేదాకా యూరియా వేయకూడదు, పీల్చే వేర్లు లేవు. ఆరిన తరువాత చెట్టుకు 100 గ్రాముల యూరియా, 80 గ్రాముల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేసి, పైపైన గుల్ల చేయండి. ఈలోగా లీటరు నీటికి 5 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్) ఎరువు కలిపి ఆకుల మీద పిచికారీ చేయవచ్చు. అరటి ఆకు మైనం పూసినట్టుంటుంది గనుక జిగురు మందు కలపడం మరువకండి. గెల వేసిన చెట్లకు వెంటనే సవక (సరుగుడు) కట్టె ఊతమివ్వాలి, మెత్తబడిన మట్టిలో చిన్న గాలికే దుంపతో సహా ఒరుగుతాయి. దుంప కుళ్ళి వాసన వస్తున్న చెట్టును తీసివేసి తోట బయట పారవేయండి. కాండం అడ్డంగా కోసినప్పుడు ఎర్రటి గోధుమ రంగు వలయాలు కనిపిస్తే అది పనామా తెగులు (మట్టిలోని శిలీంధ్రం వల్ల వచ్చే వడలు తెగులు) కావచ్చు. ఆ బీజాలు నీటితో పాకి, మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి కాబట్టి ఆ మడి నీరు పక్క మడిలోకి పోకుండా అడ్డుకట్ట వేయండి. ఈ తెగులు తేలికగా సోకే అమృతపాణి రకం అరటి వేసినవారు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి.

అయిదవ పాఠంలో బోదె మీద ఎరువులు ఎప్పుడు, ఎంత దూరంలో వేయాలో చూద్దాము. అప్పటికి మీ కయ్యలో మూడు చోట్ల గుంతలు తీసి, గంటకు దిగిన నీటి కొలతలూ, మట్టి రంగూ ఒక కాగితం మీద రాసి దగ్గర ఉంచుకోండి. ఆ అంకెలతోనే పాఠం మొదలవుతుంది.